"మా తాత పేటెంట్ తీసుకున్నాడట!" పాత పేటెంటును వెతికి పట్టుకోవడం ఎలా?

"మా తాతగారు కొబ్బరి కోరే మిషన్ తయారుచేశారు, పేటెంట్ కూడా ఉందట. ఎక్కడ దొరుకుతుంది?" నన్ను అడిగేవాళ్లలో ఒకరిది కొబ్బరి కోరు, ఒకరిది చెరకు గానుగ, ఇంకొకరిది నూతి గిలక. వస్తువు మారుతోంది గానీ ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తే నయమనిపించింది.

ముందే ఒక మాట. చాలామంది నేరుగా గూగుల్‌లో తాతగారి పేరు కొట్టి, ఏమీ రాకపోయేసరికి "అంతా కట్టుకథేనేమో" అనుకుని వదిలేస్తున్నారు. పాత పేటెంటు పేరుతో దొరకడం అరుదు. కాలం, ఊరు, యంత్రం చేసే పని, ఈ మూడూ చేతిలో ఉంటే దొరికే అవకాశం ఎక్కువ. అందుకే వెతుకులాట కంప్యూటర్ ముందు కాదు, ఇంట్లో అటక మీద మొదలవ్వాలి.

1. అటక దించండి

ఆ యంత్రం ఇంకా ఉంటే దాన్ని శుభ్రంగా తుడిచి, పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. ఇత్తడి రేకు మీద గానీ పోత ఇనుములో గానీ అక్షరాలుంటే వాటిని సుద్దపొడితో రుద్దండి. అరిగిన అంకెలు పైకి కనిపిస్తాయి. చింతపండు, ఇసుక పెట్టి తోమకండి, మిగిలిన అంకెలు కూడా పోతాయి.

ఇంట్లో వెతకాల్సినవి:

- యంత్రం మీద, దాని పెట్టె మీద ఉన్న ప్రతి అంకె, ప్రతి అక్షరం
- పాత రసీదులు, ఉత్తరాలు, ముఖ్యంగా కలకత్తా ముద్ర ఉన్న కవర్లు
- మద్రాసు లేదా కలకత్తా ఏజెంటుకు ఫీజు కట్టిన కాగితాలు
- గుడ్డ మీద గానీ మందపాటి కాగితం మీద గానీ గీసిన డ్రాయింగులు
- అప్పటి విజిటింగ్ కార్డు, లెటర్ హెడ్, షాపు బోర్డు ఫొటో

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. "పెద్దత్త పెళ్లికి ముందా, తర్వాతా?", "అప్పటికి ఇంట్లో కరెంటు ఉందా?", "ఆంధ్ర రాష్ట్రం వచ్చిందా అప్పటికి?" అని అడగండి. ఇలా అడిగితే పదేళ్ల అటూఇటూగా ఒక కాలం తేలుతుంది. వెతకడానికి అది చాలు.

2. అసలది పేటెంటేనా?

ఈ మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువ కాలం వృథా చేసుకుంటున్నారు. నేనూ చేసుకున్నాను. మా బంధువుల ఇంట్లో ఉన్న జంతికల గొట్టం మీది నంబరు పట్టుకుని రెండు వారాలు పేటెంట్లలో వెతికాను. తీరా చూస్తే నంబరుకు ముందు అరిగిపోయిన మాట "డిజైన్". అంటే పేటెంట్ కాదు, ఆకారానికి చేయించుకున్న రిజిస్ట్రేషన్.

మన జనం మాటల్లో అన్నీ "పేటెంటే". కాగితాల్లో మాత్రం ఇవి వేర్వేరు:

- పేటెంట్: యంత్రం పనిచేసే తీరుకు, అందులోని కొత్త ఏర్పాటుకు ఇచ్చే హక్కు.
- రిజిస్టర్డ్ డిజైన్: వస్తువు కంటికి కనిపించే రూపానికి మాత్రమే.
- ట్రేడ్‌మార్క్: పేరు, బొమ్మ, గుర్తు. ఏనుగు మార్కు, చిలక మార్కు లాంటివి.
- "పేటెంట్ పెండింగ్", "పేటెంట్ అప్లైడ్ ఫర్": దరఖాస్తు వేశామని చెప్పడమే. మంజూరైందని అర్థం కాదు.
- ప్రదర్శనలో వచ్చిన పతకం, కలెక్టరు ఇచ్చిన మెచ్చుకోలు పత్రం: వీటికీ పేటెంటుకూ సంబంధం లేదు. ఇంట్లో ఫ్రేము కట్టి ఉండేవి మాత్రం ఎక్కువగా ఇవే.

"రిజిస్టర్డ్" అని ఒక్క మాటే ఉంటే ముందు డిజైన్ గానీ ట్రేడ్‌మార్క్ గానీ అనుకుని బయల్దేరండి.

3. కాలాన్ని బట్టి దారి మారుతుంది

చరిత్ర పాఠం చెప్పను. ఏ కాలం కాగితాలు ఏ పేరుతో ఉంటాయో తెలియడానికి అవసరమైనంతే.

*1856 నుంచి 1911 దాకా.* మన దేశంలో మొదటి చట్టం 1856లో వచ్చింది. అందులో హక్కును "ఎక్స్‌క్లూజివ్ ప్రివిలేజ్" (ప్రత్యేక హక్కు) అన్నారు. కాబట్టి ఆ కాలం కాగితాల్లో "పేటెంట్" అని మాత్రమే వెతికితే అసలైనవి తప్పిపోతాయి. ఆ చట్టం మరుసటి ఏడే రద్దయి, 1859లో కొత్తది వచ్చింది. 1888లో మరొకటి.

*1911 చట్టం కాలం.* ఇది 1972 ఏప్రిల్ 20న 1970 నాటి చట్టం అమల్లోకి వచ్చేదాకా నడిచింది. మన తాతల పేటెంట్లు ఎక్కువగా ఈ గంపలోనివే. ఆఫీసు కలకత్తాలో.

*నిజాం రాజ్యం.* 1948కి ముందు హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లయితే ఆగి ఆలోచించండి. 1911 చట్టం బ్రిటిష్ ఇండియాకు సంబంధించింది, సంస్థానాలకు కాదు. అక్కడి మనిషి కలకత్తాలో దరఖాస్తు వేసి ఉండొచ్చు, వేయకపోయీ ఉండొచ్చు. కలకత్తా జాబితాలో పేరు లేకపోతే నిజాం ప్రభుత్వ గెజిట్, అంటే జరీదా చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. ఉర్దూ చదివే మనిషిని వెంట తీసుకెళ్లండి. తేదీలు ఫసలీలో, అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్కలో ఉంటే 590 కలపండి. ఉదాహరణకు 1357 ఫసలీ 1947 అక్టోబరులో మొదలై మరుసటి అక్టోబరు దాకా నడిచింది.

*1972 తర్వాత.* దరఖాస్తు నంబరే సగం కథ చెబుతుంది. మధ్యలో "ఎంఏఎస్" ఉంటే మద్రాసు ఆఫీసు, "సీఏఎల్" ఉంటే కలకత్తా, "బీఓఎం" బొంబాయి, "డీఈఎల్" ఢిల్లీ. ఆ తర్వాతి రోజుల్లో మద్రాసుది "సీహెచ్ఈ" అయింది. 2016 నుంచి 12 అంకెల నంబరు: మొదటి నాలుగు సంవత్సరం, ఐదోది ఆఫీసు. ఐదో అంకె 4 అయితే చెన్నై. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై ఆఫీసు కిందికే వస్తాయి.

"మరి ఆ పాత పేటెంటు మీద ఇప్పుడు రాయల్టీ వస్తుందా?" అని కూడా అడుగుతున్నారు. రాదు. 1911 చట్టం కింద మొదట 14 ఏళ్లు, తర్వాత 16 ఏళ్లే గడువు. ఇప్పుడు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. తాతగారిది ఎప్పుడో అందరి సొత్తు అయిపోయింది.

4. పేరుకు, ఊరికి స్పెల్లింగుల పట్టీ రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ రాయండి. నాయుడు అన్న ఒక్క మాటనే ఎన్‌ఏఐడీయూ, ఎన్‌ఏఐడీఓఓ, ఎన్‌ఏవైయూడీయూ అని రాసేవారు. రావు చివర "ఓ", "యూ", "డబ్ల్యూ" మూడూ కనిపిస్తాయి. సుబ్బయ్యలో "యూ" బదులు రెండు "ఓ"లు, వెంకటలో "కె" బదులు "సి", శెట్టికి బదులు చెట్టి. పేరు కొన్నిచోట్ల ఇంటిపేరు కింద, కొన్నిచోట్ల చివరి మాట కింద ఎక్కుతుంది. ఇనీషియల్ విప్పి ఒకసారి, విప్పకుండా ఒకసారి వెతకాలి.

కోయంబత్తూరు జి.డి. నాయుడు గారినే చూడండి. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టి, బ్యాటరీతో నడిచే "రసంత్" రేజర్ దాకా ఎన్నో యంత్రాలు చేసిన మనిషి. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. "దొరై" ఒకచోట "దురై" అవుతుంది, "స్వామి" చివర ఒకచోట "వై", ఒకచోట "ఐ". అంత పేరున్న మనిషి కోసం వెతికినా ఏడెనిమిది రకాలు కొట్టి చూడాల్సిందే. మన తాతల సంగతి చెప్పాలా!

ఊరి పేరు ఇంకా ముఖ్యం. ఇప్పటి పేరు కొడితే పాత కాగితం దొరకదు:

- విజయవాడ: బెజవాడ
- కాకినాడ: కోకనాడ
- మచిలీపట్నం: మసూలిపటం
- విశాఖపట్నం: వైజాగపటం, వాల్తేరు
- శ్రీకాకుళం: చికాకోల్
- ఏలూరు: ఎల్లోర్
- కడప: కుడప్పా
- భీమునిపట్నం: బిమ్లిపటం

ఊరు చిన్నదైతే జిల్లా పేరుతో, తాలూకా పేరుతో కూడా. అప్పటి గుంటూరు జిల్లాలో ఇప్పటి ఒంగోలు ఉండేది, జ్ఞాపకం పెట్టుకోండి.

5. వస్తువు పేరు వదిలేయండి, అది చేసే పని పట్టుకోండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

పేటెంట్ రాసేవాళ్లు వస్తువును మనం పిలిచే పేరుతో పిలవరు. బ్రిటిష్ పద్ధతిలో రాసిన పాత పేటెంట్ల శీర్షికలు చాలావరకు "ఫలానా వాటిలో, ఫలానా వాటికి సంబంధించి మెరుగుదలలు" అన్న మూసలో ఉంటాయి. ఇంగ్లీషులో "ఇంప్రూవ్‌మెంట్స్ ఇన్ ఆర్ రిలేటింగ్ టు" అని మొదలవుతాయి.

చేయి తిరగడానికి గోలీ సోడాతో ఒక కసరత్తు చేద్దాం. ఆ సీసా మనదే అనుకుంటాం గానీ దాన్ని 1872లో పేటెంట్ చేసింది లండన్ కాంబర్‌వెల్‌కు చెందిన హైరమ్ కాడ్. ఇప్పుడు మీకు ఆయన పేరు తెలియదనుకోండి. "గోలీ" అని కొడితే ఏమీ రాదు. "మార్బుల్ సోడా" అన్నా లాభం తక్కువ. వస్తువు చేసే పని చెప్పండి: సీసా లోపలి గ్యాస్ ఒత్తిడి ఒక గుండును మూతి దగ్గరి రింగుకు అదిమి మూస్తుంది. అంటే కావలసిన మాటలు సీసా, మూత, గుండు, లోపలి ఒత్తిడి. ఇంగ్లీషులో బాటిల్, స్టాపర్, బాల్, ప్రెషర్. వీటికి 1870ల కాలం జోడిస్తే దారి కనబడుతుంది.

మీ యంత్రానికీ ఇలాగే ఒక వాక్యం రాసుకోండి: "దేన్ని తిప్పితే, ఏది కదిలి, దేన్ని ఏం చేస్తుంది?" కొబ్బరి కోరైతే: పిడి తిప్పితే, పళ్లున్న చక్రం తిరిగి, చిప్ప లోపలి కొబ్బరిని గీకుతుంది. పిడి, పళ్లు, గీకడం, చిప్ప, బల్లకు బిగించే మర, ఇవే మీ వెతుకుడు మాటలు.

ఇంకో మార్గం వర్గ సంకేతాలు. ప్రపంచంలో ఎక్కడి పేటెంటునైనా అది చేసే పనిని బట్టి ఒక సంకేతం కింద పెడతారు. అక్షరాలను ఇంగ్లీషులో టైపు చేయండి:

- ఎ47జె: వంటింటి సామాను
- బి02సి: పిండి మర, నూరే దంచే యంత్రాలు
- ఎ01బి: నాగలి, గొర్రు, దుక్కి పనిముట్లు
- ఎఫ్04బి: చేతి పంపులు
- ఇ05బి: తాళాలు
- డి05బి: కుట్టుమిషన్లు
- డి02, డి03: నూలు, పడుగు, నేత
- బి65డి: సీసాలు, మూతలు, డబ్బాలు

భాష, స్పెల్లింగు రెండూ మోసం చేసినా సంకేతం మోసం చేయదు. ఈ సంకేతాలు పుట్టకముందు నాటి చాలా విదేశీ పేటెంట్లకు కూడా తర్వాత వీటిని తగిలించారు.

6. ఏది ముందు, ఏది తర్వాత

మొదటిది: భారత పేటెంట్ ఆఫీసు వారి ఉచిత వెతుకులాట పేజీ. దాని పేరు ఇన్‌పాస్. నంబరు ఉంటే ముందు నంబరు. లేకపోతే కనిపెట్టినవారి పేరు, ఆ తర్వాత దరఖాస్తుదారు పేరు. ఈ రెండూ వేర్వేరు గళ్లు. తాతగారు కనిపెట్టినా దరఖాస్తు షావుకారు పేరు మీదో కంపెనీ పేరు మీదో ఉండొచ్చు. "ప్రచురితం", "మంజూరు" అని రెండు టిక్కులుంటాయి, రెండూ పెట్టండి.

రెండోది: గూగుల్ పేటెంట్స్. అమెరికా పాత పేటెంట్ల పాఠం మొత్తం ఇందులో వెతకొచ్చు. కానీ స్కాన్ చేసిన కాగితాన్ని యంత్రం చదివింది కాబట్టి అక్షరాలు తప్పుతాయి. "యు" కాస్తా "ఎన్" అవుతుంది. మన పేర్ల పాట్లు ఇక చెప్పక్కర్లేదు.

మూడోది: యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాస్‌నెట్. బ్రిటన్‌లో కూడా దరఖాస్తు వేసి ఉంటారనిపిస్తే ఇక్కడ. వర్గ సంకేతంతో, తేదీల మధ్య వెతకడానికి నాకైతే ఇదే సౌకర్యంగా ఉంటుంది.

నంబరు చూసి కాలం అంచనా వేయడానికి రెండు కిటుకులు. అమెరికా పేటెంట్లు 1911లో 10 లక్షలు, 1935లో 20 లక్షలు, 1961లో 30 లక్షలు దాటాయి. బ్రిటన్‌లో 1916కు ముందు ప్రతి ఏడూ నంబర్లు ఒకటి నుంచి మళ్లీ మొదలయ్యేవి. సంవత్సరం లేని పాత బ్రిటిష్ నంబరు, పిన్‌కోడ్ లేని "రామాలయం వీధి" లాంటిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెలిసిన మనిషితో అభ్యాసం చేస్తే మేలు. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం తీసుకోండి. ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయన ఊరు. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చేయి వేల సార్లు అటూఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూసి యంత్రం చేశారు. పేటెంటు 2011లో వచ్చింది. ఇంటిపేరులో "టి" తర్వాత "హెచ్" పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొట్టండి. శీర్షికలో "ఆసు" అన్న మాట ఉంటుందని ఆశపడకుండా నూలు, చుట్టడం, మేకులు అన్న మాటలతోనూ ప్రయత్నించండి. ఇంకోటి, 2011 అనేది మంజూరైన ఏడు. దరఖాస్తు అంతకు కొన్నేళ్ల ముందుదై ఉంటుంది కాబట్టి తేదీల గడిలో 2011 ఒక్కటే పెడితే దొరకదు.

7. నెట్‌లో లేదు. ఇప్పుడు?

గెజిట్ తిరగేయాలి. 2005 నుంచి పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం వస్తోంది. అంతకుముందు కాలానికి గెజిట్ ఆఫ్ ఇండియా చూడాలి, స్వాతంత్ర్యం తర్వాతి సంపుటాల్లో అయితే మూడో భాగం, రెండో సెక్షన్. పేటెంట్లు, డిజైన్ల నోటీసులు అందులో వచ్చేవి. చెన్నై కన్నెమరా లైబ్రరీ, కోల్‌కతా నేషనల్ లైబ్రరీ ఇందుకు మంచి చోట్లు. స్కాన్ చేసిన పాత గెజిట్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ కొన్ని దొరుకుతాయి.

వెళ్లేముందు:

- ఐదేళ్లకు మించని కాలం ఎంచుకున్నారా?
- స్పెల్లింగుల పట్టీ జేబులో ఉందా?
- గుర్తింపు కార్డు, పెన్సిలు తీసుకున్నారా? కొన్నిచోట్ల పెన్ను తేనివ్వరు.
- ఫొటో తీయనిస్తారా అని ముందే ఫోన్ చేసి అడిగారా?

ఏడాది చివర సూచిక ఉంటే ముందు అది చూడండి. చూసిన ప్రతి సంచిక తేదీ నోటుబుక్కులో రాసుకోండి, అందులో ఏమీ దొరక్కపోయినా. లేదంటే మూడు నెలల తర్వాత అదే కట్ట మళ్లీ విప్పుతారు. నాకు జరిగింది.

8. దొరికింది. ఎలా చదవాలి?

ముందు తేదీలు. మన దేశపు మొట్టమొదటి హక్కుపత్రమే దీనికి మంచి ఉదాహరణ. కలకత్తా సివిల్ ఇంజనీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ పంకా లాగే యంత్రానికి 1856 మార్చి 3న అర్జీ పెట్టాడు. పైకప్పుకు వేలాడే గుడ్డ పంకాను మనిషి తాడుతో లాగే రోజులవి. పూర్తి వివరణ ఇచ్చింది సెప్టెంబరు 2న. ఆ చట్టం ఆరు నెలల గడువు ఇచ్చేది కాబట్టి రెండు తేదీలు. ఎవరో ఒకరు మార్చి అని, ఇంకొకరు సెప్టెంబరు అని రాస్తే ఇద్దరూ తప్పు కాదు. మీ కాగితంలో అర్జీ, అంగీకారం, మంజూరు తేదీలు ఏవేవో విడిగా రాసుకోండి.

తర్వాత బొమ్మలు. భాష అర్థం కాకపోయినా బొమ్మలోని ఒక్కో భాగానికి ఒక అంకె గానీ అక్షరం గానీ ఉంటుంది, వివరణలో అదే వస్తుంది. బొమ్మ పక్కన పెట్టుకుని వేలు పెట్టి చదివితే యంత్రం కళ్లముందు తిరుగుతుంది.

చివరగా క్లెయిములు, అంటే "ఇందులో కొత్తది ఇదీ, నాది ఇదీ" అని చెప్పుకున్న అంశాలు. హక్కు ఇచ్చింది వీటికి మాత్రమే. పది పేజీల వివరణలో గానుగ మొత్తం ఉన్నా, క్లెయిము ఒక్క రోలరు బిగించే మరకే ఉండొచ్చు. అప్పుడు "తాతగారు గానుగ కనిపెట్టారు" అని రాయకూడదు. "రోలరు మధ్య సందు సర్దే మర కనిపెట్టారు" అని రాయాలి. ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు, తెలుసు. కానీ గానుగ ఆడించినవాడిని అడగండి, ఆ మర విలువ చెబుతాడు.

9. ఎక్కువమంది ఇరుక్కునే చోట్లు

*ఏమీ దొరకలేదు కాబట్టి పేటెంట్ లేదు అనుకోవడం.* నెట్‌లో లేనిది వేరు, అసలు లేనిది వేరు. మూడు కాలాలు, నాలుగు స్పెల్లింగులు, రెండు సంకేతాలు చూశాకే ఒక నిర్ణయానికి రండి.

*అదే పేరు కనబడగానే తాతగారే అనుకోవడం.* వెంకటేశ్వరరావులు మనకు కొదవా! చిరునామా, వృత్తి, యంత్రం మూడింటిలో రెండైనా కలవాలి.

*దరఖాస్తును మంజూరుగా రాయడం.* మంజూరు నంబరు కంటపడేదాకా "దరఖాస్తు చేశారు" అనే రాయండి.

*"ప్రపంచంలోనే మొదటిది" అనేయడం.* అదే వర్గ సంకేతంలో అంతకుముందు ముప్పై ఏళ్లవి ఒకసారి తిప్పి చూడండి. తరచూ అమెరికాలోనో జర్మనీలోనో ఒక అన్నయ్య కనిపిస్తాడు.

10. దాచుకోవడం

పీడీఎఫ్ దించగానే ఫైలు పేరు మార్చండి: సంవత్సరం, నంబరు, ఊరు, యంత్రం. ఎక్కడ దొరికిందో, ఏ రోజు చూశారో అదే ఫోల్డరులో ఒక చిన్న కాగితంగా పెట్టండి. అధికారిక నకలు కావాలంటే నంబరు, సంవత్సరం రాసి పేటెంట్ ఆఫీసుకు రుసుముతో అర్జీ పెట్టుకోవచ్చు. నంబరు లేకుండా "మా తాతగారిది" అని రాస్తే పని జరగదు.

యంత్రం ఇంకా ఇంట్లోనే ఉంటే పేటెంట్ బొమ్మ ప్రింటు తీసి పక్కన పెట్టి, ఒక్కో భాగం పోల్చి చూడండి. బొమ్మలో ఉండి యంత్రంలో లేని భాగం ఒకటైనా కనిపిస్తుంది. అది విరిగిపోయిందా, లేక తాతగారే తర్వాత అక్కర్లేదని తీసేశారా అన్నది ఆ యంత్రాన్ని వాడిన నాయనమ్మనో మేనత్తనో అడగండి. ఆ జవాబు ఏ పేటెంట్ కాగితంలోనూ ఉండదు కాబట్టి ఫోనులో రికార్డు చేసి అదే ఫోల్డరులో పెట్టండి.